కత్తెరమ్మ గెలిచిన వాషింగ్ మిషను

ఆమె అసలు పేరు ఓటరు కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. వీధి మొత్తానికి ఆమె కత్తెరమ్మ. బట్టలు కత్తిరిస్తుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళు అనుకుంటారు. వారం ఆగితే అసలు సంగతి వాళ్ళకే తెలిసొస్తుంది. ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చినవాణ్ణి కూడా ప్యాంటుతో పాటు రెండంగుళాలు తగ్గించి పంపే నోరు ఆమెది.

"నడుం దగ్గర బిగుతుగా ఉందండీ, గుడ్డ కుంచించుకుపోయినట్టుంది" అని ఎవరైనా అన్నారో, వాళ్ళ పని అయిపోయిందన్నమాటే.

"గుడ్డకేం రోగం? కొన్ననాడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. పెరిగింది నువ్వు. కుట్టు విప్పమంటే విప్పుతాను, దానికేం భాగ్యం. నోరు కుట్టించుకునే ఉద్దేశం ఉంటే మాత్రం అది నా చేతిలో పని కాదు" అంటూ మెళ్ళోంచి టేపు లాగేది.

పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆమె వేసిన జిప్పు మళ్ళీ ఊడిందని ఎవరూ వెనక్కి తేలేదు. అందుకే జనం తిట్లు తిని, డబ్బులిచ్చి, మళ్ళీ ఇంకో ప్యాంటు పట్టుకొచ్చేవారు. పెళ్ళయిన మూడో ఏట మొగుడు బ్లేడ్లు కొనుక్కొస్తానని బయటికి వెళ్ళి, వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టాడు. దాని గురించి ఎవరైనా జాలిపడబోతే, "గడ్డం పెంచుకుందామనుకున్నాడేమో, బ్లేడ్లతో పనిలేక రాలేదు" అని తేల్చేసేది. ఆ తర్వాత ఏడిచిందో లేదో కుట్టు మిషనుకే తెలియాలి. దాని చప్పుడులో ఏదీ బయటికి వినపడదు.

ఇల్లు రెండు గదులు, ఒక పెరడు. అద్దెది. ముందుగది దుకాణం. కిటికీ పక్కన కుట్టు మిషను, గోడ పొడుగునా కత్తిరింపు బల్ల, మూలన తెర కట్టి దాని వెనక ఒక నిలువుటద్దం. ఆ తెర పక్కనే, గదిలోకి రాగానే కంట్లో పడేలా, ఒక తెల్లటి వాషింగ్ మిషను. దానికి మూత లేదు, తీగ లేదు. లోపల నిండా పీలికలు, తెగిన దారాలు, ఊడిన కాలర్లు. కత్తిరింపు బల్ల మీద మిగిలిందంతా అందులోకి విసిరేసేది. కొత్తవాళ్ళెవరైనా "ఇదేంటమ్మా, వాషింగ్ మిషన్లో పీలికలు?" అని అడిగితే ఆమె మొహం వెలిగిపోయేది. ఆ ప్రశ్న కోసమే దాన్ని అక్కడ పెట్టుకుంది.

కథ ఇది. ఎన్నో ఏళ్ళ కిందట, వడ్డీ లేదని దుకాణంవాడు తేనె పూస్తే, జీవితంలో ఒకే ఒక్కసారి ఆమె కంతుల మీద ఒక వస్తువు కొంది. ఆరు నెలలు తిరక్కుండా ఆ వస్తువు గదిలో గంతులు వేయడం మొదలుపెట్టింది. నీళ్ళు పట్టమంటే కక్కేది, కక్కమంటే బిగబట్టేది. బాగుచేయమంటే దుకాణంవాడు తయారీ కంపెనీని చూపించాడు, ఆ కంపెనీ ఫోనెత్తలేదు. కత్తెరమ్మకు ఒళ్ళు మండింది. అందరిలోకి చేతికి దొరికినవాడు, ఆ మిషనుకు అప్పిచ్చి నెలనెలా డబ్బుకొచ్చే ఫైనాన్సు కంపెనీ మనిషి. కంతులు కట్టడం ఆపేసింది.

వాళ్ళు ఫోన్లు చేశారు, ఉత్తరాలు పంపారు, మనుషుల్ని పంపారు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు వీధిలో నిలబెట్టి ఉతికింది. ఆ ఇంట్లో ఉతుకుడు బాగా జరిగిన రోజులంటే అవే. చివరికి ఒక నీరసపు మనిషి వచ్చి, గుమ్మంలోనే కూలబడి, మంచినీళ్ళడిగి తాగి, "మేడం, మీకో దణ్ణం. మిగిలినదాంట్లో సగం కట్టేయండి. సెటిల్ చేసేసుకుందాం" అన్నాడు.

సెటిల్! ఆ మాటకున్న రుచి మనందరికీ తెలిసిందే. ఉద్యోగం వస్తే కుర్రాడు సెటిలయ్యాడంటాం. పెళ్ళయితే పిల్ల సెటిలయిందంటాం. అన్నదమ్ములు పొలం పంచుకుని కొట్టుకోవడం మానేస్తే గొడవ సెటిలయిందంటాం. మన నోట ఆ మాట చెడ్డ కబురు మోసుకొచ్చిన పాపాన పోలేదు. కత్తెరమ్మ సగం డబ్బు కట్టి, కాగితం మీద సంతకం గీకి, అంత పెద్ద కంపెనీ మెడలు వంచానని వీధంతా చాటింది. అప్పట్నించీ ఆ మిషను దుకాణంలో పోటీలో గెలిచిన కప్పులా, షీల్డులా నిలబడిపోయింది.

"సగానికి దిగొచ్చారు వెధవలు! సెటిల్ చేసి పారేశాను!" అని కథ ముగించేది. వినేవాడి ప్యాంటు ఆ ముగింపు అయ్యాకే చేతికొచ్చేది కాబట్టి అందరూ చివరిదాకా వినేవారు.

కథలో ఒక చిన్న ముక్క ఆమె ఎప్పుడూ చెప్పేది కాదు. దాచిందని కాదు, అది చెప్పదగ్గ ముక్కని ఆమెకు తోచలేదు. ఆ నీరసపు మనిషి వచ్చిన సాయంత్రమే చెల్లెలి మొగుడు చొక్కా కోసం వచ్చాడు. సంగతి విని, "వద్దొదినా, సగం కట్టకండి. అంతా కట్టేసి, గొడవేదో ఆ తయారీ కంపెనీతో పెట్టుకోండి. కావాలంటే మిగతా సగం నేను సర్దుతాను" అన్నాడు.

కత్తెరమ్మ పకపకా నవ్వింది. "నువ్వా? నాకా? ముందు నీ కాళ్ళకున్న చెప్పులు నీవేనా, ఇంకా దుకాణంవాడివేనా, అది చెప్పు!"

ఎందుకంటే ఆ మరిది, ఆమె దృష్టిలో, భూమ్మీద అందరికంటే నవ్వులాట మనిషి. గోడౌన్లో సరుకు లెక్క చూసుకునే ఉద్యోగం. ఇంట్లో ఫ్రిజ్జు కంతుల మీదే, మంచం కంతుల మీదే, పిల్లదాని సైకిలు కంతుల మీదే. ఒకటి తీరగానే ఇంకోటి. ఆయనకు ఆమె పెట్టిన పేరు కంతులాయన. "ఒళ్ళంతా కంతులే. డాక్టరు కోస్తే పోయేవి కావవి" అని చెల్లెలి ముందే అనేది. చెల్లెలు మొహం మాడ్చుకునేది. ఆయన మాత్రం నవ్వేసేవాడు. నిజానికి మనిషి కాస్త విసుగు పుట్టించే రకమే. అన్నం తింటుంటే ఫోన్లో అలారం మోగేది, "కంతు తారీఖు" అంటూ చెయ్యి కడుక్కుని లేచేవాడు. అలాంటివాణ్ణి చూసి నవ్వకుండా ఉండాలంటే చాలా మంచి మనసుండాలి. కత్తెరమ్మకు ఉన్నది మంచి కత్తెర.

ఆయన్ని "గారు" అని ఏనాడూ అనలేదు. ఆయన "వదినా, మీరు" అంటే ఆమె "ఏమయ్యా, నువ్వు" అనేది. "అప్పుచేసి బతికేవాడికి గారెందుకు? అది కూడా కంతుల మీద ఇమ్మంటాడు" అనేది.

ఇలా ఉండగా ఇంటి ఓనరు ఒకరోజు చొక్కా గుండీలు కుట్టించుకునే నెపంతో వచ్చి, గుండీలు కుట్టాక అసలు మాట బయటపెట్టాడు. ఇల్లు అమ్మేస్తున్నాడు. సెల్‌ఫోన్లు అమ్మేవాడొకడు బేరం పెట్టాడట, గోడలు కొట్టేసి అద్దాల దుకాణం కడతాడట.

"నువ్వు ఇన్నాళ్ళ నుంచీ ఉన్నావు కాబట్టి ముందు నీకు చెబుతున్నాను. అదే రేటుకి నువ్వు కొంటానంటే నీకే ఇస్తాను. రెండు నెలలు చూస్తాను. ఆ పైన నన్ననొద్దు" అన్నాడు.

ఆ రాత్రి ఆమె బల్ల మీద చేతులానించి గదంతా చూసింది. ఈ కిటికీ వెలుతురులో ఆమెకు నల్లదారం, ముదురు నీలం దారం విడివిడిగా కనపడతాయి. ఇంకో గదిలో కనపడతాయని నమ్మకం లేదు. ఈ వీధిలో ఎవరి భుజం ఎటు వంగి ఉంటుందో ఆమెకు టేపు లేకుండా తెలుసు. ఇంకో వీధికి పోతే ఆమె ఒట్టి కోపిష్టి ముసలిది, అంతే. తిట్లు తిని మళ్ళీ వచ్చే జనం ఒక్క రోజులో తయారవరు. ఆమెకు భయమేసింది. భయమేసిందని ఒప్పుకోవడం ఇష్టంలేక ఓనర్ని కాసేపు తిట్టుకుంది.

ఇంటి ఖరీదులో సగం ఆమె దగ్గరుంది. మిగతా సగానికి బ్యాంకుకు వెళ్ళింది. ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, ఎవరికో మేలు చేయడానికి వెళుతున్నట్టే వెళ్ళింది. ఎవరికీ చిల్లిగవ్వ బాకీలేని తనలాంటి మనిషి అప్పడిగితే బ్యాంకువాడు లేచి కుర్చీ వేయడూ?

కుర్చీ అయితే వేశాడు. లోన్ల ఆఫీసరు కుర్రాడు, గాజుగదిలో కూర్చునేవాడు. మెడ దగ్గర కాలరు ఒకవైపు లేచి ఉంది. అది చూసి ఆమెకు చెయ్యి దురద పెట్టింది. కాగితాలు తీసుకుని రెండు వారాలు తిప్పి, ఒకనాడు పిలిచి, "సారీ మేడం, మీ హౌస్ లోను రిజెక్టయింది" అన్నాడు.

"ఎందుకని? నేనెవరికీ బాకీ లేనే!"

"మీ క్రెడిట్ రిపోర్టు బాగాలేదు మేడం. అంటే, మీరు ఇదివరకు తీసుకున్న అప్పులు ఎలా కట్టారో ఆ చరిత్ర. అందులో ఒక వాషింగ్ మిషను లోను ఉంది. దాని పక్కన 'సెటిల్డ్' అని ఉంది."

కత్తెరమ్మ వెనక్కి వాలి చిరునవ్వు నవ్వింది. "ఆఁ, అదా! అది సెటిలయింది కదా బాబూ. నేనే చేశాను. మంచిదేగా?"

కుర్రాడు కంప్యూటరు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఇంత సంతోషంగా ఆ మాట ఒప్పుకున్న మనిషిని అతను చూసి ఉండడు.

"మంచిది కాదు మేడం. సెటిల్డ్ అంటే, కట్టాల్సినంత కట్టకుండా, కొంత కట్టి వదిలించుకున్నారని అర్థం. అది మచ్చ. పూర్తిగా కట్టి ఉంటే 'క్లోజ్డ్' అని ఉండేది."

"క్లోజ్ అంటే మూతపడ్డం కదా? దుకాణం క్లోజ్ అయిందంటే దివాలా తీసిందని. సెటిలయిందంటే బాగుపడిందని. మీ బ్యాంకులో మాటల్ని తిరగేసి కుట్టారా ఏంటి?"

"రూల్సు మేడం."

"సరే, ఆ ఒక్క మిషను తప్ప నేను జన్మలో అప్పు చేయలేదు. అది చూడవా?"

"అది కూడా ఒక ప్రాబ్లమే మేడం" అన్నాడతను, పాపం, నిజంగా బాధపడుతూ. "అప్పులు చేసి కట్టి ఉంటే, మీరు కడతారని మాకు తెలిసేది."

ఇదీ బ్యాంకు న్యాయం. అప్పు చేయనివాడు అనుమానపు మనిషి, చేసినవాడు ఆత్మబంధువు. ఎండలో నడవనివాడికి గొడుగివ్వం, ముందు నాలుగు వడదెబ్బలు తిని చూపించమన్నట్టుంది వాళ్ళ వరస. కత్తెరమ్మ లేచి, "నీ కాలరు ఎవడు కుట్టాడో గానీ, వాడి చరిత్ర కూడా ఒకసారి చూడు" అనేసి బయటికొచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవాలి కదా. మర్నాడు ఆ ఫైనాన్సు కంపెనీని వెతుక్కుంటూ వెళ్ళింది. అది పేరు మార్చుకుని, వీధి మార్చుకుని, ఇప్పుడు ఒక పెద్ద మేడ మూడో అంతస్తులో ఉంది. కౌంటర్లో పిల్ల కంప్యూటర్లో చూసి, శుభవార్త చెబుతున్నట్టు నవ్వింది.

"మీకేం కట్టాల్సింది లేదండీ. ఇదెప్పుడో సెటిలయిపోయింది!"

"ఆ సెటిల్ తీసేయించుకోవడానికే వచ్చానమ్మా. మిగతా సగం కడతాను. పుచ్చుకో."

డబ్బు పుచ్చుకోమని బతిమాలాల్సిన గతి ఆ ఒక్క ఆఫీసులోనే పట్టింది ఆమెకు. ఈ బల్లకీ ఆ బల్లకీ తిప్పారు. ఒకప్పుడు వీధిలో నిలబెట్టి ఉతికిన కంపెనీ ముందు వరసలో నిలబడి, టోకెను పట్టుకుని, తన వంతు కోసం కాచుకుంది. చివరికి ఆ సగం, దాని మీద పేరుకున్నదీ కలిపి కట్టించుకున్నారు. రిపోర్టులో మాట మారడానికి మాత్రం కొన్ని నెలలు పడుతుందన్నారు. ఓనరు ఇచ్చిన గడువులో మిగిలింది కొన్ని వారాలు.

మళ్ళీ గాజుగది. కుర్రాడు రసీదు చూసి తలూపాడు. ఈసారి అతని కాలరు సరిగ్గా ఉంది, ఎవరో సరిచేశారు.

"ఒక దారుంది మేడం. మీ వాళ్ళలో చాలా లోన్లు తీసుకుని, ఒక్క తారీఖు కూడా తప్పకుండా కట్టిన మనిషి ఎవరైనా ఉన్నారా? అలాంటివారు మీతో పాటు ఈ లోనుకు సంతకం పెడితే మేనేజరుగారు ఒప్పుకుంటారు. మీరు కట్టకపోతే వాళ్ళు కట్టాల్సి ఉంటుంది, అంతే."

ఆమె రసీదు మడిచి సంచిలో పెట్టుకుని, ఆలోచించి చెబుతానని లేచింది. ఎవరూ గుర్తు రాకపోవడం వల్ల కాదు.

మూడు రోజులు ఆ ఆలోచనను మింగలేక కక్కలేక తిరిగింది. ఆ మూడు రోజుల్లో వచ్చినవాళ్ళని ఎవర్నీ తిట్టలేదు. జనం కంగారుపడి, ఒంట్లో బాగాలేదేమోనని అడిగారు. నాలుగో రోజు సాయంత్రం దుకాణం మూసి చెల్లెలింటికి వెళ్ళింది.

ఆ ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడల్లా ఆమెకు ఒక అలవాటు. ఒక్కో వస్తువునీ చూస్తూ, "ఇది నీదేనా? ఇది? ఇది?" అని అడగడం. ఆవేళ ఏదీ అడగలేదు. కంతుల కుర్చీలో కూర్చుని, కంతుల ఫ్యాను కింద చెమట తుడుచుకుంది. మరిది స్నానం చేసి వచ్చి, ఆమెను చూసి పలకరించాడు.

"మరిదిగారూ" అంది కత్తెరమ్మ.

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. గదిలో ఉన్న మరిది ఆయనొక్కడే.

"నన్నేనా వదినా?" అన్నాడు.

వెక్కిరించడానికి అనలేదు. నిజంగా తెలియకే అడిగాడు. ఆమెకు అదే తగిలింది.

చెప్పింది. ఇల్లు, ఓనరు, బ్యాంకు, సెటిలు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆయన మొహమే చూసింది. "ఆనాడే చెప్పానా?" అన్న మాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. దానికి జవాబు కూడా దారిలోనే కుట్టి పెట్టుకుంది. ఆ మాట రాలేదు. ఆయన లేచి ఫోను తెచ్చి, అందులో అప్పులు కట్టిన తీరుకు బ్యాంకులు వేసే మార్కు, తన క్రెడిట్ స్కోరు, తీసి చూపించాడు. పిల్లదాని మార్కులు చూపించే తండ్రి మొహంలో ఉండే మెరుపు ఆయన మొహంలో కనిపించింది. అంతవరకే ఆయన గొప్ప.

"మా గోడౌన్లో కూడా ఎవరికీ ఇంత లేదు వదినా" అన్నాడు. "నా చేతికి ఒక్కసారిగా డబ్బెప్పుడూ రాదు కదా. మీలాగా ఒకేసారి పెట్టి కొనలేను. తారీఖు తప్పితే ఇంక నాకెవడూ ఇవ్వడని భయం. అందుకే అలారం పెట్టుకుంటాను."

తర్వాత ఆయన లోపలికెళ్ళాడు. వంటగదికీ ముందుగదికీ మధ్య ఉన్నది తలుపు కాదు, తెర. ఆ తెర కుట్టింది కత్తెరమ్మే, పలచటి గుడ్డతో. చెల్లెలి గొంతు స్పష్టంగా వినపడింది.

"ఇప్పుడు ఆవిడ లోనుకు సంతకం పెడితే మన ఇంటి లోను మాటేంటి? మనకిస్తారా ఇంక? నోరు తెరిస్తే నిన్ను కంతులాయన అనే మనిషికా?"

"నెమ్మది. వినపడుతుంది."

"వినపడనీ!"

"ఆ ఇల్లు పోతే ఆవిడ దుకాణం పోతుంది. దుకాణం లేకపోతే ఆవిడేం చేస్తుంది చెప్పు? మనం ఇంకో రెండేళ్ళు అద్దెలో ఉంటే కొంపేం మునగదు. ఆవిడ మాటదేముందిలే. పిల్లదాని యూనిఫాం ఏనాడైనా డబ్బు తీసుకుని కుట్టిందా?"

కత్తెరమ్మకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి కొలతలూ తీసిన మనిషికి, తన కొలత ఇంకొకరు తీస్తుంటే వినడం అదే మొదలు. గురివింద గింజ సామెత ఆమె ఎన్నిసార్లు ఎంతమంది మీద విసిరిందో లెక్కలేదు. దాని కింద నల్లగా ఉండేది ఏమిటో ఆవేళ కూర్చున్న చోటే తెలిసింది. లేచి వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళిపోతే ఇల్లు పోతుంది. కూర్చుంది.

ఆయన బయటికొచ్చి, "ఎప్పుడు రమ్మన్నారు వదినా బ్యాంకుకి?" అన్నాడు.

లోను వచ్చింది. గాజుగదిలో కుర్రాడు మరిదిని చూసి లేచి నిలబడి చేయి కలిపాడు. కాఫీ తెప్పించాడు. ఆమె ఊహించుకున్న మర్యాదంతా జరిగింది, కాకపోతే పక్కకుర్చీకి. ఓనరుకు గడువులోనే డబ్బు ముట్టింది. ఫోన్ల దుకాణంవాడు వేరే గోడలు వెతుక్కున్నాడు.

ఇప్పుడు కత్తెరమ్మకు ఇల్లుంది, ఇంటితో పాటు పదిహేనేళ్ళ కంతులున్నాయి. ఆమె లెక్కప్రకారం అవి తీరేలోగా చూపు తీరుతుంది. ప్రతి నెలా తారీఖుకు ముందురోజు సాయంత్రం ఫోను మోగుతుంది.

"వదినా, రేపు..."

"తెలుసు మరిదిగారూ. వేసేశాను."

ఆయన ఇప్పటికీ ఆ "గారు" దగ్గర ఒక్క క్షణం తడబడతాడు. వెక్కిరిస్తోందేమోనన్న అనుమానం ఆయనకు పోలేదు. పోయేలా ఏదో ఒక మాట చెప్పాలని ఆమెకు ప్రతి నెలా అనిపిస్తుంది. ఇన్నేళ్ళ నోరు, ఆ ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి దారం తెగినట్టు ఆగిపోతుంది. ఫోను పెట్టేసి, అయిదు నిమిషాల పాటు పనేమీ లేకుండా కుట్టు మిషను తొక్కుతుంది.

మొన్న ఎవరో కొత్తాయన ప్యాంటు తెచ్చి, తెర పక్కన నిలబడి అడిగాడు. "ఇదేంటమ్మా, వాషింగ్ మిషన్లో పీలికలు?"

పాత ఖాతాదార్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. కథ మొదలవుతుందని సర్దుకుని నిలబడ్డారు. కత్తెరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు.

"చెత్తబుట్ట" అంది.

"ఇంత ఖరీదైన చెత్తబుట్టా!"

"ఔను బాబూ. పూర్తిగా డబ్బు కట్టే కొన్నాను" అని, అతని ప్యాంటు అందుకుని, నడుం దగ్గర ఎంత వదలాలో మర్యాదగా అడిగింది.